పాత బేస్ గిటార్ ఎంపిక: ప్రెసిషన్, జాజ్, యాక్టివ్ రకాల్లో ఏది కొనాలి, ఏది మార్చాలి, ఎలా అమ్మాలి

సెకండ్‌హ్యాండ్ బేస్ గిటార్ చూడడానికి వెళ్ళినవారు సాధారణంగా మొదట రంగు చూస్తారు, తర్వాత గిటార్ తల భాగమైన హెడ్‌స్టాక్ మీద ఉన్న పేరు చదువుతారు, చివరికి యాంప్‌కు తగిలించి నాలుగు తీగలూ మీటి బేరానికి దిగుతారు. పొడవాటి మెడ భాగమైన నెక్ సంగతి ఇంటికి వచ్చాక గానీ గుర్తుకు రాదు. నా మొదటి పాత బేస్‌ను నేనూ అలాగే కొన్నాను. ఏప్రిల్‌లో తీసుకున్నప్పుడు తీగలు ఫ్రెట్లకు, అంటే నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీతలకు, చక్కగా దగ్గరగా ఉన్నాయి. వానలు పడి ఆగస్టు వచ్చేసరికి నెక్ ముందుకు వంగింది, పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ కింద పెన్సిల్ దూరేంత సందు ఏర్పడింది. సరిచేద్దామని, నెక్ లోపల వంపును సరిదిద్దే కడ్డీ అయిన ట్రస్ రాడ్ నట్టు తిప్పబోతే అది అప్పటికే చివరిదాకా బిగించి ఉంది. అమ్మినవారికి ఆ సంగతి తెలుసో లేదో నేను చెప్పలేను. నేను మాత్రం అడగలేదు, చూడలేదు.

అప్పటి నుంచి పెళ్ళి ఆర్కెస్ట్రాల్లోనూ చర్చి ఆరాధనల్లోనూ వాయిస్తూ, నా కోసమూ మిత్రుల కోసమూ ఎన్నో పాత బేస్‌లు చూశాను. వాటన్నిటి నుంచీ నాకు తేలిన విషయం ఒక్కటే: పాత బేస్ కొనడమంటే ప్రధానంగా ఒక నెక్‌ను కొనడం. తీగల కంపనాన్ని పట్టుకునే పికప్ చెడిపోతే గంట పనితో మార్చుకోవచ్చు, నాబ్‌ల కింద ఉండే పాట్‌లు గరగరలాడితే శుభ్రం చేసుకోవచ్చు, బాడీ మీద తీగలను పట్టి ఉంచే బ్రిడ్జి తుప్పు పడితే కొత్తది బిగించుకోవచ్చు. నెక్ మెలిక తిరిగితే మాత్రం బాగుచేయించే ఖర్చు చాలాసార్లు గిటార్ విలువనే మించిపోతుంది. అందువల్ల ప్రెసిషన్, జాజ్, యాక్టివ్ అనే మూడు రకాల బేస్‌లలో ఏది అన్న ప్రశ్న కన్నా ముందు ఎదుట ఉన్న గిటార్ నెక్ నిలిచేదా కాదా అన్న ప్రశ్న తేలాలి.

నెక్‌ను పరీక్షించే పద్ధతి

తీగలు వదులుగా ఉన్న బేస్‌ను చూసి నెక్ గురించి ఏమీ తేల్చలేము. అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 45 నుంచి 105 వరకు మందం గల మామూలు సెట్ శృతిలో ఉన్నప్పుడు నాలుగు తీగలూ కలిసి నెక్ మీద దాదాపు 80 కిలోల బలంతో లాగుతాయి. ఆ లాగుడును లోపలి ట్రస్ రాడ్ ఎదురు బలంతో ఆపుతుంది. కాబట్టి ముందు గిటార్‌ను సరైన శృతికి తెప్పించండి. తర్వాత లావైన ఇ తీగను ఒక చేత్తో మొదటి ఫ్రెట్ దగ్గర, మరో చేత్తో నెక్ బాడీలో కలిసే చోట నొక్కి పట్టి, ఏడెనిమిది ఫ్రెట్ల ప్రాంతంలో తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఎంత సందు ఉందో చూడండి. అక్కడ మామూలు విజిటింగ్ కార్డు దూరేంత, అంటే సుమారు 0.3 మిల్లీమీటర్ల సందు ఉంటే నెక్ ఆరోగ్యంగా ఉన్నట్టు. సందు అసలే లేకపోతే నెక్ పూర్తిగా తిన్నగా ఉంది లేదా వెనక్కి వంగి ఉంది. రెండు మూడు కార్డులు దూరుతుంటే ముందుకు వంగి ఉంది. ఈ రెండూ లోపాలు కావు, రాడ్ తిప్పితే సరిదిద్దుకునే స్థితులే.

అందుకే అసలు ప్రశ్న రాడ్ ఇంకా తిరుగుతుందా అన్నది. అమ్మేవారి అనుమతితో, సరిపోయే అలెన్ కీ తీసుకుని, నట్టును ఎనిమిదో వంతు చుట్టు మాత్రం తిప్పి చూడాలి. బిగుసుకుపోయి కదలకపోయినా, ఏ ప్రతిఘటనా లేకుండా వదులుగా తిరిగినా ఆ గిటార్‌ను వదిలేయడమే మంచిది. ఫెండర్ కంపెనీ పాత గిటార్లలోనూ ఆ నమూనాలో వచ్చిన కొన్ని కొత్త గిటార్లలోనూ ఈ నట్టు నెక్ అడుగు చివర, బాడీ లోపలికి దాగి ఉంటుంది కనుక తీగలు వదులుచేసి నెక్ స్క్రూలు సడలిస్తే గానీ అందదు. అటువంటి గిటార్‌ను చాలాసార్లు ఏళ్ల తరబడి ఎవరూ సరిచేసి ఉండరు. అమ్మేవారు అక్కడికక్కడే నెక్ విప్పనివ్వకపోవడం తప్పు కాదు, అయితే ఆ అనిశ్చితి మేరకు ధర తగ్గాలి.

తర్వాత గిటార్‌ను తుపాకీ గురిపెట్టినట్టు పట్టుకుని, బాడీ వైపు నుంచి హెడ్‌స్టాక్ వైపు చూస్తూ ఫింగర్‌బోర్డు రెండు అంచులూ ఒకే తలంలో ఉన్నాయో లేదో గమనించండి. ఒక అంచు పైకి లేచి మరొకటి కిందికి దిగితే అది మెలిక. ట్రస్ రాడ్ దాన్ని సరిచేయలేదు. ఆ తర్వాత ఒక్కో తీగ మీద మొదటి ఫ్రెట్ నుంచి చివరి ఫ్రెట్ వరకు ప్రతి స్వరాన్నీ తొందరపడకుండా వాయించాలి. పైన గుండ్రటి తీగ చుట్టిన గరుకైన స్టీలు రౌండ్‌వౌండ్ తీగలు వాడినవాటిలో మొదటి ఐదారు ఫ్రెట్ల మీద గుంటలు పడి ఉండడం సహజం. గుంటలు లోతు తక్కువైతే ఆకురాయి పట్టించి సమం చేయవచ్చు. ఫ్రెట్ ఎత్తు అర మిల్లీమీటరుకు దగ్గరపడి ఉంటే ఫ్రెట్లన్నీ మార్పించవలసిందేనని లెక్కవేసుకోవాలి. చవక గిటార్ విషయంలో ఆ ఖర్చు పెట్టడం వృథా.

సన్నని జి తీగ మీద ఐదు నుంచి ఏడో ఫ్రెట్ల మధ్య ఏదో ఒక స్వరం మిగిలినవాటి కన్నా త్వరగా ఆరిపోతే కంగారు పడనక్కర్లేదు. స్క్రూలతో బిగించే పొడవాటి నెక్ తన సహజ కంపనంతో ఆ స్వరం శక్తిని లాగేసుకోవడం వల్ల ఇది జరుగుతుంది, ఖరీదైన ఫెండర్లలోనూ ఉంటుంది. స్వరం పూర్తిగా చచ్చిపోతేనే వద్దనండి.

మన ప్రాంతపు వాతావరణాన్ని కూడా ఇక్కడ చెప్పాలి. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల్లో ఉన్న గిటార్లలో బ్రిడ్జి మీద తీగలు ఆనే శాడిల్‌ల స్క్రూలు ఉప్పుగాలికి తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. ప్రతి శాడిల్ స్క్రూనూ కొద్దిగా తిప్పి చూడకుండా కొనకండి. తెలంగాణ, రాయలసీమ ఎండలకు చెక్క ఎండి కుంచించుకుపోతే ఫ్రెట్ల చివరలు అంచు బయటికి పొడుచుకొస్తాయి, చెయ్యి జార్చినప్పుడు గీసుకుంటాయి. దీన్ని ఆకురాయితో సరిచేయవచ్చు గనుక ఇది ధర తగ్గించమని అడగడానికి తగిన కారణమే గానీ వద్దనడానికి కారణం కాదు. ఏదైనా నెక్ రెండు మూడు వేసవులూ వానాకాలాలూ దాటి ఇప్పటికీ తిన్నగా ఉందంటే అది కొత్త నెక్ ఇవ్వలేని హామీ. పాత గిటార్‌లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఆ హామీయే.

మూడు రకాలు, మూడు అవసరాలు

లియో ఫెండర్ 1951లో విడుదల చేసిన ప్రెసిషన్ బేస్ ఈ వాద్యానికి నమూనాగా నిలిచింది. 34 అంగుళాల స్కేలు (తీగ మోగే పొడవు), స్క్రూలతో బిగించే నెక్, ఫ్రెట్లు ఉండడం వల్ల తప్పని స్వరస్థానం దాని ప్రత్యేకతలు. ఇప్పుడు మనకు కనిపించే రెండు ముక్కల పికప్ 1957లో వచ్చింది. ఆ రెండు ముక్కలూ విద్యుత్ దృష్ట్యా ఒకదానికొకటి ఎదురుగా చుట్టి ఉండడం వల్ల బయటి నుంచి వచ్చే విద్యుత్ రొద, అంటే హమ్ రద్దవుతుంది. ఒక వాల్యూమ్, ఒక టోన్, అంతకు మించి తిప్పడానికి ఏమీ ఉండదు. అమెరికా సంస్థ మోటౌన్ రికార్డుల వెనుక ఉన్న బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్‌సన్ 1962 నాటి ప్రెసిషన్ మీద, మార్చకుండా ఏళ్ల తరబడి ఉంచిన నున్నని ఫ్లాట్‌వౌండ్ తీగలతో ఆ పనిలో చాలా భాగం చేశాడు.

జాజ్ బేస్ 1960లో వచ్చింది. ఇందులో రెండు పికప్‌లు, వాటికి విడివిడిగా వాల్యూమ్‌లు ఉంటాయి. హెడ్‌స్టాక్ మొదట్లో తీగలు ఆనే పట్టీ అయిన నట్ దగ్గర నెక్ వెడల్పు సుమారు 38 మిల్లీమీటర్లే. ప్రెసిషన్లలో అది నమూనాను బట్టి 41 నుంచి 44 వరకు ఉంటుంది. చిన్న చేతులవారికి, వేగంగా వాయించేవారికి ఈ మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల తేడా చాలా పెద్దది. బ్రిడ్జి పికప్‌ను మాత్రమే తెరిస్తే పలుకు తేటగా, కొంచెం ముక్కుతో పలికినట్టుగా ఉంటుంది; రెండూ పూర్తిగా తెరిస్తే మధ్య స్థాయి కొంత తగ్గి శబ్దం విశాలమవుతుంది. కొన్ని పాటలకు వేళ్ళతో, కొన్నింటికి బొటనవేలి దెబ్బతో వాయించేవారికి ఈ వైవిధ్యం పనికొస్తుంది.

జాజ్‌లో ఉన్న ఇబ్బంది మన ఫంక్షన్ హాళ్ళలో ఎక్కువగా బయటపడుతుంది. రెండు పికప్‌లూ సమానంగా తెరిచి ఉన్నప్పుడు హమ్ రద్దవుతుంది గానీ ఒకదాన్ని తగ్గించగానే మిగిలినది ఒంటరి కాయిల్ అయిపోతుంది. చుట్టూ సీరియల్ లైట్లు, డిమ్మర్లు, బయట జనరేటర్, సరిగా లేని ఎర్తింగ్ ఉన్నచోట ఆ ఒంటరి కాయిల్ 50 హెర్ట్‌జ్ రొదను పట్టుకుంటుంది. ఇ తీగ మీద మూడో ఫ్రెట్‌లో పలికే జి స్వరం 49 హెర్ట్‌జ్. అంటే ఆ రొద సరిగ్గా మనం వాయించే చోటే కూర్చుంటుంది, సౌండ్ ఇంజినీరు దాన్ని తగ్గించబోతే మన స్వరమూ తగ్గుతుంది. ఇంట్లోనో స్టూడియోలోనో వాయించేవారికి ఇది పెద్ద సమస్య కాదు. వారానికి రెండు వేదికలు ఎక్కేవారికి మాత్రం ఎంపికను నిర్ణయించవలసిన విషయం.

మూడో రకం యాక్టివ్ బేస్. మ్యూజిక్ మ్యాన్ సంస్థ 1976లో తెచ్చిన స్టింగ్‌రే దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. మన మార్కెట్‌లో పాతవిగా ఎక్కువగా దొరికేవి ఇబానెజ్ ఎస్ఆర్ వరుస, యమహా టీఆర్‌బీఎక్స్ వరుసలోని యాక్టివ్ నమూనాలు. బాడీ లోపలే సంకేతాన్ని పెంచే ఒక చిన్న ప్రీయాంప్, దానికి 9 వోల్టుల బ్యాటరీ ఉంటాయి. శబ్దంలోని మంద్ర స్థాయిని (బేస్), పై స్థాయిని (ట్రెబుల్) తగ్గించడమే కాక పెంచుకోవచ్చు కూడా. పొడవైన కేబుల్ వాడినా పలుకు మసకబారదు. పరిచయం లేని యాంప్‌కు రోజుకొకచోట తగిలించవలసి వచ్చేవారికి ఇది వరమే. అయితే పాతది కొనేటప్పుడు ఇందులో చెడిపోగలిగే భాగాలు ఎక్కువ. పదేళ్ళ నాటి చవక గిటార్ లోపలి సర్క్యూట్ బోర్డు చెడితే అదే బోర్డు మళ్ళీ దొరకదు. కొత్త ప్రీయాంప్ కొని, రంధ్రాలు సరిపోతాయో లేదో చూసుకుని అమర్చుకోవాలి. వాయించి చూసేటప్పుడు ప్రతి నాబ్‌నూ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, శబ్దం ఎక్కడా తెగకుండా మారుతోందో లేదో వినండి. బ్యాటరీ పెట్టె తెరిచి లోపల తెల్లటి లేదా పచ్చటి పొడి లాంటి తుప్పు ఉందేమో చూడండి. కేబుల్ జాక్‌లో ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుందన్న సంగతి కొత్తగా కొన్నవారు చాలామంది వేదిక మీద గానీ తెలుసుకోరు.

నన్ను అడిగితే చర్చి బృందంలోనో ఆర్కెస్ట్రాలోనో చేరబోయేవారికి మొదటి పాత బేస్‌గా ప్రెసిషన్, లేదా ప్రెసిషన్ పికప్‌తో పాటు బ్రిడ్జి దగ్గర జాజ్ పికప్ కూడా ఉన్న పీజే రకం కొనమంటాను. ప్రెసిషన్ పికప్ ఒక్కటే తెరిస్తే హమ్ రాదు, చెడిపోయే భాగాలు తక్కువ, ఊళ్ళో రేడియోలు బాగుచేసే మనిషి కూడా దాన్ని సరిచేయగలడు. చెయ్యి చిన్నదైతే జాజ్ తీసుకోండి, లోపల రాగి రేకు అతికించుకుని హమ్ కొంత తగ్గించుకోవచ్చు. యాక్టివ్ బేస్‌ను రెండో గిటార్‌గా తీసుకోవడం మేలు. మంచి నెక్ ఉన్న జాజ్, చెడ్డ నెక్ ఉన్న ప్రెసిషన్ ఒకే రోజు ఒకే ధరకు దొరికితే మాత్రం ఈ సలహా మొత్తం పక్కన పెట్టి జాజ్ తెచ్చుకోండి.

బరువు సంగతి వేరుగా చెప్పాలి. సాధారణంగా ఈ గిటార్లు మూడున్నర నుంచి నాలుగున్నర కిలోల వరకు తూగుతాయి. కొట్లో అయిదు నిమిషాలు కూర్చుని వాయిస్తే తేడా తెలియదు, రిసెప్షన్‌లో నాలుగు గంటలు నిలబడితే భుజం చెబుతుంది. సూట్‌కేసులు తూచే కొక్కెం తక్కెడను వెంట తీసుకెళ్ళండి. పట్టీ వేసుకుని నిలబడి చేతులు వదిలేసి కూడా చూడండి. హెడ్‌స్టాక్ నేల వైపు వాలిపోతే ఎడమ చెయ్యి వాయించడంతో పాటు మోయడం కూడా చేయవలసి వస్తుంది. తేలికపాటి ట్యూనింగ్ కీలు మార్చడం దీనికి ఉన్న నమ్మకమైన పరిష్కారం.

నాలుగు తీగలా, ఐదు తీగలా

ఈ ప్రశ్నను చాలామంది ఆడంబరంగా భావిస్తారు గానీ మన పాటల విషయంలో ఇది శృతికి సంబంధించిన ప్రశ్న. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా కింది స్వరం ఇ, సుమారు 41 హెర్ట్‌జ్. గాయకుడు సి లేదా డి శృతిలో పాడుతున్నప్పుడు ఆ శృతి షడ్జమం మనకు ఎ తీగ మీద మూడో లేదా ఐదో ఫ్రెట్‌లో దొరుకుతుంది, దానికి కింది స్థాయి దొరకదు. ఐదో తీగ ఉన్న బేస్‌లో బి, అంటే సుమారు 31 హెర్ట్‌జ్ వరకు దిగవచ్చు. పల్లవి మళ్ళీ ఎత్తుకునేటప్పుడు ఆ కింది షడ్జమం ఇచ్చే నిండుదనం వేరు.

అయితే పాత ఐదు తీగల బేస్‌లలో చవకవాటి బి తీగ చాలాసార్లు వదులుగా, స్పష్టత లేకుండా మోగుతుంది. కొనేముందు బి తీగ ఐదో ఫ్రెట్‌లోని ఇ స్వరాన్ని, పక్కనే ఉన్న ఖాళీ ఇ తీగతో పోల్చి వినండి. రెండూ ఒకే వాద్యం నుంచి వచ్చినట్టు ఉండాలి. అలా లేకపోతే నాలుగు తీగల బేస్ కొని, ఇ తీగ కీని డి వరకు ఒక్క మీటతో దించే డి-ట్యూనర్ అమర్చుకోవడం తక్కువ ఖర్చుతో పోయే పని. పిల్లలకైతే 30 అంగుళాల షార్ట్ స్కేలు బేస్ చూడండి, ఇంతకన్నా దాని గురించి చెప్పవలసింది లేదు.

కొత్త చవకదా, పాత మంచిదా

ఒకే డబ్బుకు, ఫెండర్ చవక బ్రాండ్ అయిన స్క్వయర్‌లో కొత్త ఎఫినిటీ వంటి ప్రారంభ స్థాయి గిటారో, కొన్నేళ్ళు వాడిన స్క్వయర్ క్లాసిక్ వైబో, మధ్య స్థాయి యమహానో దొరికే సందర్భం తరచుగా వస్తుంది. కొత్తదానికి వారంటీ, బిల్లు ఉంటాయి. పాతదానికి మెరుగైన ఫ్రెట్ పని, పికప్‌లు, చాలాసార్లు నిలకడ చూపిన నెక్ ఉంటాయి. పైన చెప్పిన పరీక్షలు మీరు గానీ మీకు తెలిసిన వాయిద్యకారుడు గానీ చేయగలిగితే పాతదే కొనండి. చేయగలవారు ఎవరూ తోడు లేకపోతే కొత్తది కొనడంలో తప్పేమీ లేదు, అక్కడ మీరు కొంటున్నది వారంటీ ఇచ్చే నిశ్చింత. నా అనుభవంలో మంచి స్థితిలో ఉన్న పాత బేస్‌కు ఈరోజు కొత్తదాని ధరలో సగానికి, మూడింట రెండు వంతులకు మధ్య ఎక్కడో బేరం కుదురుతుంది. అంతకన్నా చాలా తక్కువకు ఇస్తామంటే సంతోషించే ముందు సీరియల్ నంబరు అడగండి.

పేరున్న గిటార్ల విషయంలో ఆ నంబరు ఉపయోగం ఇంకా ఉంది. మెక్సికోలో తయారైన ఇటీవలి ఫెండర్లలో ఎంఎక్స్ అక్షరాల తర్వాత వచ్చే రెండంకెలు తయారీ సంవత్సరాన్ని చెబుతాయి. హెడ్‌స్టాక్ మీద స్టిక్కరు మార్చడం సులభం, నెక్ అడుగు చివర ఉన్న ముద్రనూ లోపలి పాట్‌ల మీది అంకెలనూ మార్చడం అంత సులభం కాదు. అమెరికా పాత గిటార్లలో పాట్ మీద 137 అని మొదలయితే అది సీటీఎస్ సంస్థ తయారీ, ఆ తర్వాతి అంకెలు సంవత్సరాన్నీ వారాన్నీ సూచిస్తాయి; ఉదాహరణకు 1376612 అంటే 1966లో పన్నెండో వారం. గిటార్ ఆ తేదీ కన్నా ముందుది కాలేదని మాత్రమే దీనివల్ల తేలుతుంది.

ఫింగర్‌బోర్డు చెక్కను చూసి అనుమానపడేవారికి ఒక వివరం చెప్పాలి. రోజ్‌వుడ్ అని పిలిచేవాటిలో మన అడవుల్లో పెరిగే జిట్రేగి కూడా ఒకటి. ఈ డాల్బెర్జియా జాతి మొత్తం 2017 జనవరి 2 నుంచి అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ అంతర్జాతీయ ఒప్పందపు నియంత్రణలోకి వచ్చింది, తయారైన సంగీత వాద్యాలకు 2019 నవంబరులో మినహాయింపు లభించింది. ఆ మధ్యకాలంలో మెక్సికో ఫెండర్లలో పావ్ ఫెర్రో, స్క్వయర్లలో లారెల్ వాడారు. కాబట్టి ఆ సంవత్సరాల గిటార్‌లో రోజ్‌వుడ్ కాని లేతరంగు ఫింగర్‌బోర్డు కనిపిస్తే అది ఎవరో మార్చినదని అనుకోవద్దు.

అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత గిటార్ తెప్పించుకునేవారు మన ఇళ్ళలో చాలామంది ఉన్నారు. బేస్‌కు కరెంటు అవసరం లేదు గనుక ఇబ్బంది లేదు. యాంప్‌ను మాత్రం అక్కడ కొనిపించకండి. దాని వెనుక 120 వోల్టులు అని మాత్రమే రాసి ఉంటే మన 230 వోల్టులకు నేరుగా తగిలించిన మరుక్షణం కాలిపోతుంది. సరిపడా స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ బరువూ ఖర్చూ కలిపి చూస్తే ఇక్కడ కొన్నదే నయం.

ఏది మార్చాలి, ఏది ముట్టకూడదు

మార్పుల మీద పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు తిరిగి రాదు. ఖరీదైన పికప్‌లు వేసిన చవక బేస్‌ను కొనేవారు చవక బేస్‌గానే చూస్తారు. అందుకని తనకు శబ్దం నచ్చడం లేదని పికప్‌ల కోసం వెతికే ప్రతివారినీ ముందు తీగలు మార్చి చూడమంటాను. ఒకే గిటార్ మీద రౌండ్‌వౌండ్ తీసి ఫ్లాట్‌వౌండ్ వేస్తే వచ్చే మార్పు, పికప్ మారిస్తే వచ్చే మార్పు కన్నా పెద్దది. తీగల తర్వాత సెటప్: రాడ్, శాడిల్ ఎత్తు, ప్రతి ఫ్రెట్‌లోనూ స్వరం శృతిగా పలికేలా చూసే ఇంటొనేషన్. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఇ తీగ కింద రెండు నుంచి రెండున్నర మిల్లీమీటర్ల ఎత్తు చాలామందికి నప్పుతుంది. దీనితోనే సగం ఫిర్యాదులు తీరిపోతాయి.

అప్పటికీ తృప్తి లేకపోతే పికప్‌ను ముందు పరీక్షించండి. బ్యాటరీ, ప్రీయాంప్ లేని పాసివ్ గిటార్‌కు కేబుల్ తగిలించి, వాల్యూమ్ పూర్తిగా పెట్టి, కేబుల్ రెండో చివర మల్టీమీటర్‌తో చూస్తే ప్రెసిషన్ తరహా పికప్ సుమారు 10 లేదా 11 కిలో ఓమ్‌లు, ఒక్క జాజ్ పికప్ 7 లేదా 8 చూపుతాయి. మీటరు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ చూపితే లోపల తీగ తెగిందని అర్థం. యాక్టివ్ బేస్‌లో ప్రీయాంప్ అడ్డు ఉండడం వల్ల ఈ పరీక్ష పనిచేయదు. గరగర శబ్దమే సమస్య అయితే కాంటాక్ట్ క్లీనర్ చాలు. పాట్ మార్చవలసి వస్తే పాసివ్ సింగిల్ కాయిల్ వాటికి 250 కె విలువ, టోన్‌కు 0.047 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్ వాడడం రివాజు. బరువైన బ్రిడ్జి వేస్తే శబ్దం మారుతుందని చాలామంది నమ్ముతారు. నాకు ఆ తేడా ఎన్నడూ పెద్దగా వినిపించలేదు, పాత బ్రిడ్జి శాడిల్‌లు తుప్పు పడితే మాత్రమే మారుస్తాను.

ఒక్క వైరును మాత్రం ఏ మార్పులోనూ తెంచవద్దు. పాసివ్ గిటార్‌లో బ్రిడ్జి కిందికి వెళ్ళే గ్రౌండ్ వైరు తీగలను ఎర్త్‌కు కలిపి రొదను తగ్గిస్తుంది. అదే వైరు వల్ల, వేదిక మీద యాంప్‌కు ఎర్తింగ్ సరిగా లేనప్పుడు తీగ ముట్టుకుంటూ మైకుకు పెదవి తగిలితే షాక్ కొట్టే ప్రమాదమూ ఉంది. దానికి పరిష్కారం వైరు తెంచడం కాదు, ప్లగ్‌కు మూడో పిన్ను ఉందో లేదో, హాలులో ఎర్తింగ్ పనిచేస్తోందో లేదో వాయించే ముందే చూసుకోవడం.

వెనక్కి తీసుకోగల మార్పులకూ తీసుకోలేని మార్పులకూ మధ్య గీత స్పష్టంగా ఉంది. అవే స్క్రూ రంధ్రాల్లో కూర్చునే పికప్, బ్రిడ్జి, కీలు, పాట్‌లు మార్చుకోవచ్చు, అసలు భాగాలను సంచిలో పెట్టి దాచితే ఎప్పుడైనా పాత స్థితికి తేవచ్చు. కొత్త పికప్ కోసం బాడీని తొలవడం, బ్యాటరీ పెట్టెకు వెనుక గుంట చేయడం, రంగు గీకి మళ్ళీ వేయడం, ఫ్రెట్లు పీకడం తిరిగిరాని పనులు. పాత జపాన్ లేదా అమెరికా గిటార్ విషయంలో వీటిలో ఏ ఒక్కటీ చేయకండి. రంగు మళ్ళీ వేసిన పాత ఫెండర్ విలువ అసలు రంగుతో ఉన్నదాని విలువలో సగం దాకా పడిపోతుందని ఆ వ్యాపారం తెలిసినవారు లెక్కవేస్తారు.

ఫ్రెట్‌లెస్ కోరిక గమకాలు తెలిసిన మనవాళ్ళకు ఎక్కువగా కలుగుతుంది. అమెరికా బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ తన 1962 జాజ్ బేస్‌ను ఫ్రెట్లు లేకుండా, ఫింగర్‌బోర్డుకు పడవలకు పూసే ఇపాక్సీ పూసి వాడాడు. ఆ కథ విని చాలామంది మంచి నెక్‌లను పాడుచేసుకున్నారు. దీనికి మెరుగైన మార్గం ఉంది. ఫెండర్ తరహా నెక్‌లు నాలుగు స్క్రూలతో ఊడివస్తాయి, ప్రెసిషన్, జాజ్ నెక్‌ల అడుగు భాగం సాధారణంగా ఒకే కొలతలో, సుమారు 56 మిల్లీమీటర్ల వెడల్పుతో ఉంటుంది. బాడీ గాడిని కొలిచి చూసుకుని, వేరే చవక నెక్ కొని దాని ఫ్రెట్లు తీయించండి. నచ్చితే ఉంచుకోవచ్చు, నచ్చకపోతే పావుగంటలో పాత నెక్ బిగించుకోవచ్చు.

అమ్మేటప్పుడు

మార్పులు చేసిన బేస్‌ను అమ్మే ముందు అసలు భాగాలు తిరిగి బిగించి, ఖరీదైన భాగాలను విడిగా అమ్మడం దాదాపు ఎప్పుడూ లాభమే. అసలు భాగాలు దగ్గర లేకపోతే ఏది ఎప్పుడు మార్చారో చెప్పండి. దాచిన మార్పు తర్వాత బయటపడితే బేరం చెడడమే కాక, ఇంత చిన్న లోకంలో పేరు కూడా చెడుతుంది. ఫోటోల్లో ముందువైపు, వెనుకవైపుతో పాటు ఫ్రెట్ల దగ్గరి ఫోటో, నెక్ బాడీలో కలిసే చోటు, పన్నెండో ఫ్రెట్ దగ్గర స్కేలు పెట్టి తీసిన ఫోటో పెట్టండి. తెలిసిన కొనుగోలుదారు ఈ మూడు ఫోటోలు చూసే ఫోన్ చేస్తాడు. క్రిస్మస్‌కు ముందు రెండు నెలలూ, పెళ్ళి ముహూర్తాలు మొదలయ్యే ముందూ అడిగేవారు ఎక్కువగా ఉండడం నేను గమనించాను.

ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టిన గంటలోనే, గిటార్ చూడకుండానే, ధర తగ్గించమని అడగకుండానే డబ్బు పంపుతామని, దానికి మీరు క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలని ఎవరైనా అంటే అది మోసం. డబ్బు అందుకోవడానికి పిన్ నొక్కవలసిన అవసరం ఎప్పుడూ ఉండదు. కొనేవారిని ఇంటికో, రిహార్సల్ గదికో రమ్మని, యాంప్ సిద్ధంగా పెట్టి, అలెన్ కీ వారి చేతికే ఇచ్చి నెక్ చూసుకోనివ్వండి.

పార్సిల్‌లో పంపవలసి వస్తే తీగలను రెండు మూడు స్వరాలు మాత్రమే దించండి. పూర్తిగా వదిలేస్తే ట్రస్ రాడ్ నెక్‌ను వెనక్కి లాగుతుంది. హెడ్‌స్టాక్ కిందా పైనా మెత్తటి గుడ్డ కుక్కండి. దారిలో విరిగే గిటార్లు ఎక్కువగా నట్ దగ్గరే విరుగుతాయి. యాక్టివ్ బేస్ అయితే బ్యాటరీ తీసేయండి. మీరు వాడిన తీగల మందం, చివరిసారి రాడ్ తిప్పిన నెల, మార్చిన భాగాల పేర్లు ఒక కాగితం మీద రాసి, అసలు భాగాల సంచితో పాటు కేసులో పెట్టండి.